బోర్డా, బల్లా, తెరా: పదో తరగతి సైన్సుకు ఏది మేలు?

భౌతిక రసాయన శాస్త్రం చెప్పే మాస్టారు బోర్డు మీద రాసి చెప్పవచ్చు, బల్ల మీద ప్రయోగం చేసి చూపవచ్చు, బడికి డిజిటల్ ప్యానెల్ వచ్చి ఉంటే వీడియో వేయవచ్చు. సిలబస్ తరుముతున్నప్పుడు బోర్డే గతి అంటారు చాలామంది. రసాయన శాస్త్రం వరకు నేను ఒప్పుకోను.

సున్నపు తేటనే చూడండి. కోనసీమలో ఏ కిళ్లీ కొట్టులోనైనా సున్నం దొరుకుతుంది. సాయంత్రం చెంచాడు సున్నం సీసా నీళ్లలో కలిపి కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి పైన తేట నిలుస్తుంది. దాన్ని గ్లాసులోకి వంచి, కాసిని నీళ్లు చేర్చి, ఒక పిల్లవాడి చేత స్ట్రాతో మెల్లగా ఊదించాలి. పీల్చకూడదని ముందే గట్టిగా చెప్పాలి సుమా. కాసేపటికి నీరు పాలలా తెల్లబడుతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆపకుండా ఊదిస్తే ఆ తెలుపు నెమ్మదిగా పోయి నీరు మళ్లీ తేటపడుతుంది. "ఆ తెలుపు ఎక్కడికి పోయిందండీ మాస్టారూ?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది. కరగని కాల్షియం కార్బొనేట్, నీటిలో కరిగే కాల్షియం హైడ్రోజన్ కార్బొనేట్‌గా మారిందని సమీకరణం రాయాల్సింది అప్పుడు. అడగకముందే రాస్తే అది నోట్సులోకి ఎక్కుతుందంతే.

పైగా భీమవరం వైపు పిల్లలకు ఆమ్లాలు, క్షారాల పాఠం సగం ఇంట్లోనే తెలుసు. రొయ్యల చెరువుకు సున్నం ఎందుకు చల్లుతారో, పీహెచ్ 7.5, 8.5 మధ్య ఉండేలా ఎందుకు చూసుకుంటారో నాన్న మాటల్లో వింటూనే ఉంటారు. చెరువు నీళ్లు సీసాలో తెప్పించి పీహెచ్ కాగితం ముంచితే పాఠం దానంతటదే నడుస్తుంది. వీడియోలోని రంగునీళ్లకు ఆ బలం లేదు.

బల్లతో చిక్కులు లేవని కాదు. ముందుగా సర్దుకోకపోతే పీరియడ్ సగం సీసాలు వెతకడానికే పోతుంది. మన తేమగాలికి మెగ్నీషియం రిబ్బన్ మీద పొర కడుతుంది. గరుకు కాగితంతో రుద్దకుండా వెలిగించబోతే ఓ పట్టాన అంటుకోదు, క్లాసంతా నవ్వుతుంది.

బోర్డుకు సాటి లేనిది సమీకరణాలను తుల్యం చేయడంలో. ఆక్సిజన్ సరిపోలేదని ఒకమ్మాయి నీటి ఫార్ములాలోనే ఆక్సిజన్ కింద 2 చేరుస్తుంది. అలా చేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుందని అందరి ముందూ తేలేది ఆ అమ్మాయి చేతికి సుద్దముక్క ఇచ్చినప్పుడే. కటక సూత్రంలో ప్లస్సు, మైనస్సుల గొడవ కూడా బోర్డు మీదే తీరుతుంది. అయితే దానికి ముందు కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టి, బయటి కొబ్బరిచెట్టును ఎదుటి గోడ మీద తలకిందులుగా పడేయండి. కటకానికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే అదే దాదాపుగా నాభ్యంతరం.

తెరను నేను మరీ తీసిపారేయను. సోడియం ముక్కను నీళ్లలో వేస్తే ఏమవుతుందో తరగతి గదిలో చూపడం ప్రమాదం, వీడియోయే నయం. ద్రావణంలో అయాన్లు కదిలే తీరు కంటికి కనబడేది కాదు, అక్కడా తెరే మేలు. కానీ సున్నపు తేటను కూడా తెర మీద చూపించే మాస్టార్లు ఉన్నారు. అది మాత్రం వట్టి బద్ధకం.

రోజూ ప్రయోగం కుదరదంటే రసాయన శాస్త్ర పాఠాలకు బల్లను, భౌతిక శాస్త్రపు లెక్కలకు బోర్డును కేటాయించుకోండి. తెరను పాఠం చివర పది నిమిషాలకు ఉంచుకుంటే, కరెంటు పోయినా ఆ రోజు పాఠం ఆగదు.