సింకు జామ్ అయితే వంటసోడానా, కాస్టిక్ పౌడరా: ఏది మేలు?

డిసెంబర్ వస్తోందంటే నాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. "సింకులో నీళ్లు దిగడం లేదు, వంటసోడా, వెనిగర్ పోస్తే నిజంగా పనిచేస్తుందా? షాపులో దొరికే పౌడర్ వేసేస్తే పోదా?" డిసెంబర్‌లోనే ఎందుకంటే 2వ తేదీ జాతీయ కాలుష్య నియంత్రణ దినం. 1984లో భోపాల్‌లో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా పాటించే రోజు. ఆ వారమంతా కెమికల్స్ లేని ఇల్లు గురించి మెసేజ్‌లు తిరుగుతుంటాయి.

ముందు వంటసోడా సంగతి. సోడా మీద వెనిగర్ పోయగానే బుసబుసా పొంగుతుంది. అది చూసి లోపల ఏదో కరిగిపోతోందని అనుకుంటాం. నిజానికి క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. బయటికి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. గోడలకు అంటిన పల్చటి జిడ్డు, పాచి వాసన పోతాయి. చలికాలంలో నెయ్యి, నూనె పేరుకుని గడ్డ కట్టిన పైపుని మాత్రం అది తెరవలేదు. బాత్రూమ్ తూములో చుట్టుకున్న వెంట్రుకలకైతే అసలు పనికిరాదు. వెనిగర్ బదులు నిమ్మరసం వాడినా ఇంతే.

షాపులో దొరికే కాస్టిక్ పౌడర్, అంటే కాస్టిక్ సోడా, అలా కాదు, గట్టిగా పనిచేస్తుంది. కొవ్వుని సబ్బుగా మార్చి కరిగిస్తుంది, నీళ్లు తగలగానే సలసల కాగేంత వేడి పుడుతుంది. బలం చూసే పోటీ అయితే ఇక్కడితో అయిపోయినట్టే. కానీ అది ఒక్కోసారి పనిచేయదు. పౌడర్ ఎక్కువై నీళ్లు తక్కువైతే పైపులోనే రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు ఆ సింకులో నిలబడి ఉన్నవి మామూలు నీళ్లు కావు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే: మందు వేశాక పని జరగకపోతే, ఆ తర్వాత అందులో చెయ్యి పెట్టేది ఎవరు?

పోయినేడాది మా ఇంట్లో ఇదే జరిగింది. రాత్రి పౌడర్ వేసి పడుకున్నాను. తెల్లారేసరికి నీళ్లు అలాగే ఉన్నాయి. ప్లంబర్‌ని పిలిచాను. అతను వచ్చి సింకు కింద కూర్చుని బాటిల్ ట్రాప్, అంటే పైపుకి ఉండే విప్పదీసే గిన్నెలాంటి భాగం, తిప్పాడు. లోపలి నీళ్లు ఒక్కసారిగా మణికట్టు మీద పడ్డాయి. "ఏం వేశారమ్మా ఇందులో?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేను చెప్పనేలేదని. కుళాయి కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టించాను. అయినా సాయంత్రానికి బొబ్బ లేచింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఒక వంటింటి తూముని భోపాల్‌తో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అంత దుఃఖాన్ని అలా చిన్నది చేయకూడదు. కానీ ఆ రాత్రి గురించి చదివిన ప్రతిసారీ నా మనసు ఒకే చోట ఆగుతుంది. యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరాయి. లోపల వేడి, ఒత్తిడి పెరిగిపోయి, పురుగుమందుల తయారీకి వాడే మిథైల్ ఐసోసయనేట్ అనే విషం సుమారు 40 టన్నులు ఊరి మీదికి వచ్చేసింది. ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. వాయువుని కాస్టిక్ సోడాతో కడిగి విరిచేయాల్సిన స్క్రబ్బర్ దాన్ని ఆపలేకపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు. గోడ అవతలి బస్తీల్లో నిద్రపోతున్నవాళ్లకు లోపల ఏముందో ఎవరూ చెప్పకపోవడం మరో ఎత్తు. ముఖానికి తడిగుడ్డ కప్పుకోండన్న ఒక్క మాట ముందే తెలిసి ఉంటే కొందరైనా బతికేవాళ్లు. వైద్యం చేయాల్సిన డాక్టర్లకే అది ఏ విషమో తెలియదు. ప్రభుత్వం మొదట చెప్పిన మృతుల లెక్క 2,259, గాయపడినవాళ్లు తర్వాతి లెక్కల్లో 5 లక్షలకు పైనే. 2020 మే 7న విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు కూడా జనం నిద్రలోంచి లేచి, ఎటు పోవాలో తెలియక పరుగెత్తారు.

అందుకే నేను వంటింటి సామాను వైపే మొగ్గుతాను. అది బలమైనదని కాదు. అది ఓడిపోయినా ఎవరి చెయ్యీ కాలదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. నిలిచిన నీళ్లు మగ్గుతో తోడేస్తాను. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు పోసి, వేడినీళ్లు పోస్తాను. మరిగే నీళ్లు వద్దు, పీవీసీ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి. ఐదు నిమిషాలాగి ప్లంజర్‌తో గట్టిగా పది పదిహేనుసార్లు నొక్కుతాను. జిడ్డు అడ్డం చాలావరకు ఇక్కడే పోతుంది. పోకపోతే కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ విప్పుతాను. మొన్న విప్పితే టీ పొడి, మెతుకులు, కరివేపాకు ఈనెలు ముద్దగా వచ్చాయి. ఆ ముద్దని ఏ సోడా కరిగిస్తుంది? వంటసోడా, వెనిగర్ మాత్రం వారానికోసారి వాసన రాకుండా వాడతాను. ఆ పనికి అవి చక్కగా సరిపోతాయి.

బట్టల సోడా వేడినీళ్లలో కలిపి పోస్తే వంటసోడా కంటే జిడ్డు బాగా వదులుతుంది, గ్లౌజులు వేసుకోండి. ఉప్పు, చింతపండు, కూల్‌డ్రింకు పోసి పెద్దగా లాభం లేదు. వెంట్రుకలకు కొక్కెంలా వంచిన తీగే మందు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి. పౌడర్ పనిచేయలేదని దాని మీద యాసిడ్ గానీ వెనిగర్ గానీ పోయకండి, మొహం మీదికి చిమ్ముతుంది. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పౌడర్ వాడక తప్పకపోతే రాత్రి వేసి పడుకోకండి, మీరు మెలకువగా ఉండగా వేయండి. పౌడర్ వేశామని సింకు మీద చీటీ అంటించండి. ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి చదువు రాకపోతే నోటితో చెప్పండి. ప్లంబర్‌కైతే ఫోన్‌లోనే చెప్పండి, గ్లౌజులు తెచ్చుకుంటాడు.