నడుం నొప్పికి వెళ్తే మనసు సంగతి అడిగారు

ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన నడుం నాది. డిస్కు జారిందని ఎంఆర్‌ఐ ఫిల్మును వెలుగుకు పెట్టి చెప్పినవాళ్ళు ఇదివరకే ఉన్నారు. విజయవాడలోని ఈ వెన్నుపూస క్లినిక్‌కు మా కోడలు తీసుకెళ్ళింది. డాక్టరు సంగతి అలా ఉంచి, ఆయన్ని కలిసేముందు చేతిలో పెట్టే మూడు కాగితాల గురించే రాస్తున్నాను.

మొదటిది ఆస్వెస్ట్రీ, నడుం నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డం వస్తోందో చూసే ప్రశ్నల కాగితం. నడక, కూర్చోవడం, బరువులెత్తడం వంటి పది అంశాలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. అందులో ఒకటి దాంపత్య జీవితం గురించి! కోడలు చదివి వినిపిస్తుంటే ఏం చెప్పను? వదిలేశాను. ఒకటి వదిలితే 50కి బదులు 45కు లెక్క కడతారట.

మిగిలినవి దిగులుకు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7. గత రెండు వారాల్లో ఎంత తరచుగా అలా అనిపించిందో టిక్కు పెట్టాలి. దిగులు కాగితంలో నాకు 27కు 13 వచ్చాయి. పది దాటితే వివరంగా మాట్లాడతారు.

"నాది నడుం నొప్పమ్మా, పిచ్చి కాదు" అన్నాను ఫిజియోథెరపిస్టుతో. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. "రాత్రి మెలకువ వచ్చేది నొప్పికా, ఆలోచనలకా బాబాయ్ గారూ?" అని అడిగింది. నిద్ర, ఆకలి, ఓపిక నొప్పి వల్ల కూడా తగ్గుతాయి కాబట్టి, ఆ మార్కులను విడిగా చూడాలని చెప్పింది. అవి తీసేసినా ఇంకొన్ని మిగిలాయి. నొప్పి తగ్గిన రోజున కూడా డిపో స్నేహితుల దగ్గరికి వెళ్ళబుద్ధి కావడం లేదని అప్పుడే ఒకరితో అన్నాను. అంతకుముందు ఎవరడిగారు గనక! కాగితంలో వచ్చిన మార్కులే జబ్బు నిర్ధారణ కాదంటూ మానసిక వైద్యుడికి చీటీ రాయించింది. ఆయన డులోక్సెటిన్ ఇచ్చారు. దిగులుకూ, దీర్ఘకాలపు నడుం నొప్పికీ కూడా వాడే మందే అది. వ్యాయామం మాత్రం ఎవరూ తప్పించలేదు.

ఇక లోపం. దిగులు కాగితంలో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని. దాన్ని కిటకిటలాడే హాల్లో, ఇంటివాళ్ళ పక్కన పూరించమంటే ఎవరు నిజం రాస్తారు? నేను సున్నా పెట్టాను. లోపలి గదిలో ఒంటరిగా మళ్ళీ అడిగినప్పుడు జవాబు మారింది. ఆ రోజు ఆ మానసిక వైద్యుడు చూశాకే ఇంటికి పంపారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చారు. ఆ అమ్మాయి మళ్ళీ అడగకపోయి ఉంటే సున్నాయే ఫైల్లోకి వెళ్ళేది.

అందుకే ఒక నక్షత్రం తగ్గించి నాలుగు ఇస్తున్నాను. కాగితాలకు విడిగా డబ్బు తీసుకోలేదు. తెలుగు కాగితం అడిగితేనే ఇస్తారు, అడగండి. వెంట వచ్చినవాళ్ళను కాసేపు టీ తాగి రమ్మనండి.