ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీయా, హెచ్‌డబ్ల్యూమాన్ ఫైళ్లా?

లినక్సు కంప్యూటరులో ప్రాసెసరు వేడిని, ఫ్యాను వేగాన్ని తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి: ఎల్ఎం-సెన్సర్స్ అనే ప్రోగ్రాముల ప్యాకేజీ, లేదా కెర్నెల్ (లినక్సు మూల భాగం) ఆ కొలతలను చూపే హెచ్‌డబ్ల్యూమాన్ ఫైళ్లు. ఈ రెండూ కెర్నెల్ డ్రైవర్ల మీదే ఆధారపడతాయి. ఇంటెల్ ప్రాసెసరుకు కోర్‌టెంప్, ఏఎండీకి కే10టెంప్ అనే డ్రైవరు లోడు కాకపోతే రెండింటిలోనూ ప్రాసెసరు లోపలి సెన్సరు ఉష్ణోగ్రత సాధారణంగా కనిపించదు.

ఎల్ఎం-సెన్సర్స్‌లోని సెన్సర్స్-డిటెక్ట్ అనే పెర్ల్ స్క్రిప్టు మదర్‌బోర్డు మీది చిప్పులను వెతికి, ఏ మాడ్యూలు (కెర్నెల్ డ్రైవరు) కావాలో చెబుతుంది. అది అడిగే ప్రశ్నలకు ఎంటర్ నొక్కి, సూచించిన జవాబునే ఉంచడం క్షేమం. ఒకప్పుడు ఈ వెతుకులాటకే కొన్ని పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపులు పాడయ్యాయి.

సిస్ డైరెక్టరీలోని హెచ్‌డబ్ల్యూమాన్ ఫైళ్లను నేరుగా చదవడానికి ఏ ప్యాకేజీ అక్కరలేదు. ఉష్ణోగ్రత మిల్లీడిగ్రీలలో ఉంటుంది కనుక 45000 అంటే 45 డిగ్రీల సెల్సియస్. అయితే హెచ్‌డబ్ల్యూమాన్0, హెచ్‌డబ్ల్యూమాన్1 వంటి ఫోల్డర్ల పేర్లలోని అంకె రీబూట్ తరువాత మారవచ్చు కాబట్టి, స్క్రిప్టు రాసేవారు ఆ అంకెను నమ్మక, నేమ్ అనే ఫైలులోని పేరుతోనే చిప్పును గుర్తించాలి.

అసలు తేడా వోల్టేజీల దగ్గర తెలుస్తుంది. బోర్డు మీది రెసిస్టర్లు 12 వోల్టుల లైనును తగ్గించి చిప్పుకు అందిస్తాయి. దానిని తిరిగి హెచ్చవేసే సూత్రాన్ని ఎల్ఎం-సెన్సర్స్ కాన్ఫిగరేషన్ ఫైలులో రాసుకోవచ్చు, హెచ్‌డబ్ల్యూమాన్‌లో ఆ లెక్క మనమే వేసుకోవాలి. ప్రాసెసరు వేడి ఒక్కటే చాలనుకునే సర్వరుకు మాత్రం నేను రెండవ దారినే ఎంచుకుంటాను.