మల్కన్‌గిరిలో కూర్చుని కటకం హైకోర్టుకి వెళ్లొచ్చాను

ముందే చెప్పేస్తున్నాను, హైకోర్టు నా డబ్బులు నాకు ఇప్పించలేదు. ఎనిమిది వారాల గడువు పెట్టిన రెండు పేజీల కాగితం ఇచ్చింది. ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడు అడిగితే, మా జిల్లాలోనే కూర్చుని తెర మీద కటకం (కటక్) జడ్జిగారికి వాదన చెప్పుకునే ఈ వర్చువల్ హైకోర్టు సదుపాయానికి అయిదుకి నాలుగు మార్కులేస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో మధ్యలో వస్తుంది.

మాది ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా కలిమెల. ఇరవై ఏళ్లుగా మెస్సు నడుపుతున్నాను. పొద్దున్న కోయ వాళ్లు, మధ్యాహ్నం ఎంవీ ఊళ్ల నుంచి, అంటే బెంగాలీ శరణార్థుల కాలనీల నుంచి వచ్చేవాళ్లు, రాత్రి చింతూరు వైపు లారీల వాళ్లు. అందరికీ అదే పప్పుచారు. 2022లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక సర్కారు ఆఫీసు వాళ్ల ట్రైనింగుకి భోజనాలు ఒప్పుకున్నాను. 32 మంది, 45 రోజులు, రెండు పూటలు. మొత్తం 2,880 భోజనాలు, ఒక్కోటి 65 రూపాయలు. లెక్క 1,87,200. తిన్నవాళ్లు బాగా తిన్నారు. బిల్లు మాత్రం బల్ల మీద పడుకుంది.

ఏడాదిన్నర తిరిగాను. ఆ ఆఫీసు పేరు రాయను, రేపు మళ్లీ వాళ్లకే వడ్డించాల్సి రావొచ్చు. "బడ్జెట్ వచ్చాక చూద్దాం మాఉసీ" అనేవారు, మాఉసీ అంటే ఒడియాలో పిన్ని. ఒకసారి విసిగిపోయి, ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. ఎవరో కొత్త కుర్రాడు రాసి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. పాపం, ఆ ముక్కే తర్వాత నన్ను గట్టెక్కించింది.

మాకు హైకోర్టంటే కటకం. వెళ్లాలంటే కలిమెల నుంచి జయపురం దాకా బస్సు, మా జిల్లాలో రైలు కూత లేదు కదా. జయపురంలో హీరాఖండ్ రైలెక్కితే రాయగడ దాటి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, పలాస అన్నీ చూపించి బరంపురం మీదుగా భువనేశ్వర్‌లో దింపుతుంది. ఒడిశా కోర్టుకి పోవడానికి సగం ఉత్తరాంధ్ర తిరగాలన్నమాట. అక్కణ్ణించి మళ్లీ కటకానికి ఇంకో బండి. వాయిదా పడితే మళ్లీ ఇదంతా. అందుకే సంబల్‌పూర్ వాళ్లూ బరంపురం వాళ్లూ తమ దగ్గర బెంచి పెట్టమని ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు.

మా అత్తగారు దీనికి నవ్వేది. వాళ్ల మావగారి కాలంలో మేం విశాఖపట్నం ఏజెన్సీ, పెద్ద అప్పీలంటే మద్రాసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డాక పట్నా హైకోర్టు కిందికి వెళ్లాం. 1948 జులై 26న కటకంలో సొంత హైకోర్టు వచ్చింది. రాష్ట్రం పేరు మారినా కోర్టు పేరు నేటికీ ఒరిస్సా హైకోర్టే, ఆర్డరు మీద కూడా అలాగే ఉంది. "మద్రాసుకంటే కటకం నయమే కదే" అనేది ఆవిడ, తనేదో రెండూ చూసొచ్చినట్టు.

2023 ఫిబ్రవరిలో పది జిల్లాల్లో వర్చువల్ హైకోర్టులు తెరిచారు. అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు ప్రారంభించారు, ఇక్కడి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అప్పట్లో మురళీధర్ గారు. ఆ పదింటిలో మాదొకటి, కోరాపుట్ ఒకటి. మన ఊరి వకీలే మల్కన్‌గిరిలో కూర్చుని కేసు దాఖలు చేయొచ్చు, గౌను వేసుకుని తెర ముందు నిలబడి కటకం జడ్జిగారికి వాదన చెప్పొచ్చు. కటకంలో ఇంకో వకీలుని మాట్లాడుకోవాల్సిన పని లేదు. నేను రాసేది ఈ సదుపాయం గురించే, వాడుకున్న మనిషిగా.

మా వకీలు బాబు ఒడియా ఆయన, ఆయన కూడా నన్ను మాఉసీ అనే పిలుస్తాడు. కాయితాలన్నీ తిరగేసి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "బాకీ ఉందని వాళ్లు ఎక్కడైనా ఒప్పుకున్నారా?" కుర్రాడి ముక్క తీసి ఇచ్చాను. అప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఇది అందరికీ తెలియాల్సిన సంగతి గనక కాస్త విడమరుస్తాను. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేస్తే హైకోర్టు ఆఫీసుని "నీ పని నువ్వు చెయ్" అనగలదు. కానీ 2,880 తిన్నారా, 2,500 తిన్నారా అనే తగువు పెడితే మామూలుగా అక్కడ సాక్షుల్ని పిలిచి విచారించరు, సివిల్ కోర్టుకి పొమ్మంటారు. అక్కడికెళ్తే సర్కారుకి ముందు రెండు నెలల నోటీసు, అడిగే సొమ్ముని బట్టి కోర్టు ఫీజు, తర్వాత ఏళ్లకి ఏళ్లు. ఇంకో విషయం విని నోరెళ్లబెట్టాను. కాలపరిమితి చట్టంలో హోటలు తిండి డబ్బులకి విడిగా ఒక వరసే రాసి ఉందట! వడ్డించిన రోజు నుంచి మూడేళ్లు. అది దాటకుండా బాకీ ఒప్పుకుని సంతకం పెట్టిస్తే, ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలు. మెస్సులు, టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లు ఇది గోడకి అంటించుకోండి.

నా సాక్ష్యం భోజనాల రిజిస్టరు. రోజూ వడ్డన అయ్యాక వాళ్ల మనిషి చేత సంతకం పెట్టించేదాన్ని. రాసింది తెలుగులో, సంతకాలు ఒడియాలో. హైకోర్టు నడిచేది ఇంగ్లీషులో. కాబట్టి 45 పేజీలు ఇంగ్లీషులోకి మార్చాలి. తెలిసిన రిటైరైన మాస్టారు ఒకరు ఆ పని చేసిపెట్టారు. పులిహోర చింతపండు అన్నమైంది, గోంగూర దగ్గర ఆగిపోయి "ఒక పుల్లటి ఆకు" అని రాశారు. జడ్జిగారు ఆ పేజీ చదివారో లేదో గానీ నేను చదివించుకుని పడీ పడీ నవ్వాను. వ్యవహారం మాత్రం నవ్వులాట కాదు. టైపు చేసినవాడు ఒకచోట 2,880ని 2,808 చేశాడు. పిటిషన్‌లో ఒక అంకె, వెనక జత చేసిన కాగితంలో ఇంకో అంకె. రిజిస్ట్రీ, అంటే హైకోర్టులో కాగితాలు సరిచూసే ఆఫీసు, డిఫెక్ట్ అని పట్టుకుంది. సరిదిద్ది మళ్లీ పెట్టడానికి నాకు పది రోజులు. కటకం వెళ్లి ఉంటే ఆ పది రోజులకి ఎన్ని ప్రయాణాలయ్యేవో!

నంబరు పడ్డాక ఫోనులోనే కేసు ఎక్కడుందో చూసుకోవచ్చు. పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఒకటి ఇస్తారు, మా అబ్బాయి దాన్ని ఫోనులో కొట్టి రోజూ నాకు చదివి వినిపించేవాడు. నాకు అర్థమయ్యేది తేదీ ఒక్కటే.

విచారణ రోజు తెల్లవారుజామునే సాంబారు దింపి, మెస్సు మా మరిదికి అప్పజెప్పి మల్కన్‌గిరి బస్సెక్కాను. మాది 47వ నంబరు. ఎప్పుడొస్తుందో చెప్పేవారెవరూ ఉండరు. ఒక కేసు అర నిమిషంలో పోతుంది, ఇంకోటి గంట తింటుంది. భోజనానికి లేద్దామంటే భయం. ఇంతమందికి వండిపెట్టే నేను ఆ రోజు రెండు బిస్కెట్లతో కూర్చున్నాను. నా ముందు తెర మీద ఎన్ని రకాల జనం వచ్చారో. పింఛను ఆపేశారని ఒకరు, టెండరులో తన కవరు తెరవకుండానే పక్కన పడేశారని ఒకరు, బడి దూరానికి బదిలీ చేశారని ఒక పంతులమ్మ. హైకోర్టంటే హత్యలూ ఉరిశిక్షలూ అనుకునేదాన్ని. ఇది మన బ్లాక్ ఆఫీసు వరండాలో కనబడే జనమే.

47 పిలిచారు. వకీలు బాబు లేచాడు. మొత్తం నాలుగు నిమిషాలు, గోడ గడియారం చూశాను. ఆఫీసు రాసిచ్చిన ముక్క ఏ పేజీలో ఉందో చెప్పాడు. ప్రభుత్వ వకీలు ఆఫీసుని కనుక్కుని చెబుతానన్నారు. జడ్జిగారు ఏదో చెప్పారు, పక్కనే ఒకాయన టైపు చేశారు, 48 పిలిచేశారు. అంతా ఇంగ్లీషు. గెలిచామో ఓడామో కూడా తెలియక వకీలు బాబు మొహం చూశాను. ఆ ఒక్క మార్కు ఇక్కడే కోశాను. ఆడమనిషి తన కష్టార్జితం గురించి వచ్చి కూర్చుంటే, అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క ఒడియాలో చెప్పే మనిషి ఉంటే బాగుండేది. తెలుగులో అడగడం లేదు, అది అత్యాశే.

బయట చెట్టు కింద చెప్పాడాయన. రెండు వారాల్లోగా ఆర్డరు కాపీ జతచేసి ఆఫీసుకి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. అందిన ఎనిమిది వారాల్లోగా వాళ్లు కారణాలు రాస్తూ నిర్ణయం చెప్పాలి. డబ్బులు రావాలో వద్దో కోర్టు ఏమీ అనలేదు.

"అంటే మళ్లీ ఆ ఆఫీసుకేనా?" అన్నాను.

"అవును మాఉసీ. కానీ ఇప్పుడు తేదీతో వెళ్తున్నావు."

ఆ మాట ఆ పూట నాకు ఎక్కలేదు. బస్సులో దారంతా గొణుక్కుంటూనే వచ్చాను.

మా మరిదికి ఇంకో రకం అనుభవం. ఆయన రోడ్డు పనుల సబ్ కాంట్రాక్టరు. అగ్రిమెంటులో తగాదాలొస్తే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలని ఉంది, ఆ మధ్యవర్తిని పెట్టడానికి అవతలి వాళ్లు ముందుకు రారు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 11వ సెక్షన్ కింద హైకోర్టు మధ్యవర్తిని నియమించింది, అంతే. ఎవరికెంత అనేది ఆ మధ్యవర్తి తేల్చాల్సిందే. వ్యాపార లావాదేవీలైతే 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టు, అత్యవసరం లేకపోతే ముందు మీడియేషన్‌కి వెళ్లి తీరాలి. ఇక మా పెదనాన్నగారి వాళ్ల ఇంటి స్థలం తగువు రెండు కోర్టులు దాటి సెకండ్ అప్పీలుగా పైకి వెళ్లింది. అందులో చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారట. సాక్షి అబద్ధమాడాడని అక్కడ మొత్తుకుంటే లాభం లేదు. దాని గురించి ఇంకేం రాయను, ఆ ఇంట్లో మాటలు లేవు.

నా సంగతికొస్తే, అర్జీ పెట్టాను. ఈసారి రిసీవ్డ్ ముద్ర అడగకుండానే కొట్టారు. ఏడు వారాలు చప్పుడు లేదు. ఎనిమిదోది దాటింది. వకీలు బాబు ఆ ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాడు: గడువైపోయింది, కోర్టు ధిక్కారం కేసు వేస్తాం, దానికి మాకు ఏడాది టైముంది. నాలుగో రోజున నాకు ఫోను. ఇన్నాళ్లలో వాళ్లంతట వాళ్లు చేసిన మొదటి ఫోను అది. రిజిస్టరు పట్టుకు రమ్మన్నారు. వెళ్తే కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. టీలో పంచదార ఎక్కువ.

పేజీ పేజీ చూసి, రెండు రోజులకి సంతకం లేదని పట్టుకున్నారు. నిజమే, ఒకరోజు సంతకం పెట్టే మనిషికి జ్వరం, ఇంకోరోజు నేనే మర్చిపోయాను. 32 మంది, రెండు పూటలు, రెండు రోజులు, 8,320 రూపాయలు కోసేశారు. కారణం రాసి మరీ కోశారు, ఆర్డరులో అలాగే చెయ్యమన్నారు కదా. మిగతా 1,78,880 నా ఖాతాలో పడింది. వడ్డీ లేదు. దానికీ పోరాడదామన్నాడు వకీలు బాబు, నేనే దండం పెట్టేశాను.

ఖర్చు గురించి అడుగుతారు. రిట్ కాబట్టి బాకీ సొమ్ముని బట్టి కోర్టు ఫీజు లేదు. ఫీజు, టైపు, అనువాదం అన్నీ కలిపినా కటకం రెండుసార్లు తిరిగే ఖర్చుకి అటూ ఇటూ. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, జిల్లా లీగల్ సర్వీసెస్ వాళ్లని అడిగితే చాలని నాకు అంతా అయ్యాక తెలిసింది. ఎస్సీ, ఎస్టీ వాళ్లకీ ఉంది. మా ఊళ్లో కోయ ఆడవాళ్లకి ఈ మాట నేనే చెబుతున్నాను, అన్నం వడ్డిస్తూ.

ఇంకొకటి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చిన రోజున మురిసిపోయి లామినేషన్ చేయించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టాను. అలా చెయ్యకండి. అర్జీకి జతచెయ్యాలని వకీలు బాబు అడిగినప్పుడు ఆ అట్ట పట్టుకెళ్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల కొట్టుకున్నాడు. ఇంకో కాపీకి మళ్లీ దరఖాస్తు పెట్టాం. ఆ మొదటిది ఇంకా పటం పక్కనే ఉంది, ధూపానికి కొంచెం పసుపుపచ్చగా అయింది.