బ్రేక్ పెడల్ కొట్టుకుంటోంది: డిస్క్ లేత్ పట్టించడం మేలా, కొత్తది వేయడం మేలా?

శ్రీశైలం పోయి వచ్చిన వారానికి, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బ్రేక్ వేస్తే పెడల్ అరికాలి కింద నాడిలా కొట్టుకుంది. వేగం తగ్గేకొద్దీ ఆ కొట్టుడూ నెమ్మదించి, బండి ఆగేముందు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత స్పష్టంగా తెలిసింది. స్టీరింగ్ కూడా చేతుల్లో సన్నగా అదిరింది. ఒక మెకానిక్ చూసి "డిస్కులు బెండయినయి సార్, జత మార్చుడే" అన్నాడు. ఇంకొకాయన "దండగ ఎందుకన్నా, లేత్ పట్టిస్తే సాఫ్ అయితది" అన్నాడు. లేత్ పట్టించడమంటే చక్రంతో పాటు తిరిగే ఆ ఇనుప డిస్క్ ముఖాల్ని మిషన్ మీద కొద్దిగా కోసి చదును చేయడం. ఇద్దరిలో ఎవరూ చక్రం విప్పి కొలవలేదు.

ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. సడన్ బ్రేక్ కొట్టినప్పుడో, తడి రోడ్డు మీదో, ఇసుక మీదో మాత్రమే పెడల్ గడగడలాడితే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) తన పని తాను చేయడం. 2019 ఏప్రిల్ నుంచి మన దగ్గర కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరి. మెత్తగా బ్రేక్ వేసినా ప్రతిసారీ కొట్టుకుంటేనే డిస్కుల్ని, డ్రమ్ముల్ని అనుమానించాలి. స్టీరింగ్ కూడా అదిరితే సాధారణంగా ముందు చక్రాలు. సీటు, పెడల్ మాత్రమే అదిరితే వెనక డ్రమ్ములు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 30 వేగంలో, బటన్ నొక్కిపట్టి హ్యాండ్ బ్రేక్‌ను మెల్లగా లాగి చూడండి. అప్పుడూ అదిరితే డ్రమ్ ఓవల్ అయిందనే లెక్క.

డిస్క్ 'బెండ్' అయిందంటారు కానీ చాలాసార్లు అది పెనం వంగినట్టు వంగదు. డిస్క్ హబ్ (చక్రం, డిస్క్ బిగించే మధ్య భాగం) మీద వెంట్రుకవాసి ఏటవాలుగా కూర్చున్నా చాలు, బ్రేక్ వేయకపోయినా ప్రతి చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌ను, అంటే డిస్క్‌ను పట్టి ఆపే బిళ్లను, రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు అలా తిరిగితే ఆ చోటు పలచబడుతుంది. ఇక బ్రేక్ వేసినప్పుడల్లా మందం ఉన్న చోట ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వెనక్కి, పలచని చోట ముందుకు జరుగుతుంది. ఆ కదలిక బ్రేక్ ఆయిల్ గుండా వచ్చి కాలికి తగులుతుంది. 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా కాలికి తెలుస్తుంది. ఇంకో కారణం, శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యామ్ దాకా మలుపులు దిగి, కింద ట్రాఫిక్‌లో పెడల్ నొక్కిపట్టి నిలబడటం. కాలిన ప్యాడ్ ముద్ర డిస్క్ మీద ఒకే చోట పడుతుంది. ఆరోజు నేను చేసింది అదే.

అందుకే లేతా, కొత్తదా అనే ముందు రూపాయి పెద్దగా ఖర్చుకాని మూడో దారి ఒకటుంది. నా కారు ముందు ఎడమ చక్రం విప్పి, డిస్క్ తీసి చూస్తే హబ్ ముఖం మీద ఎర్రటి తుప్పు పొలుసులు. అంతకు రెండు నెలల ముందు ఒక టైర్ షాపులో ఎయిర్ గన్‌తో నట్లు బిగించారు. ఒకటి మామూలు పానాకు రానే రాలేదు, దాని పక్కది సులువుగా వచ్చేసింది, అంటే బిగింపు సమంగా లేదు. తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో గీకి, డిస్క్ పెట్టి, నట్లను నక్షత్రం వరసలో టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో చూపే పానా) మాన్యువల్‌లో రాసినంతే బిగించాం. డిస్క్ తిరిగేటప్పుడు ఎంత ఊగుతోందో చూపే డయల్ గేజ్ ముల్లు అంతకుముందు 0.14 మిల్లీమీటర్లు ఊగేది, ఇప్పుడు 0.04కి దిగింది. 0.05 లోపల ఉంటే నిశ్చింత. ఒకవేళ దిగకపోతే డిస్క్‌ను ఒక నట్టు దూరం తిప్పి పెట్టి మళ్లీ కొలవాలి. చాలా బళ్లకు తొలిదశలో ఇంతతో సరిపోతుంది.

నాకు అదురు సగం తగ్గింది కానీ పోలేదు. డిస్క్ అప్పటికే అరిగింది. అప్పుడు మందం కొలిచే మైక్రోమీటర్‌తో, అంచు నుంచి సెంటీమీటరు లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాం. అత్యధికం 19.10 మిల్లీమీటర్లు, అత్యల్పం 19.06. డిస్క్ మీద పోతపోసిన కనీస మందం 18. ఒక్కో వైపు 0.1 కోసినా 18.9 మిగులుతుంది. కాబట్టి నేను లేత్ వైపే మొగ్గాను. ఖర్చు కొత్త జత ధరలో చిన్న భాగమే.

అదే మిర్యాలగూడలో మా బావ కారుకు కొలత 18.2 వచ్చింది. దాన్ని లేత్ ఎక్కించడం తప్పు. కోశాక మిగిలే పలచటి ఇనుము వేడిని పట్టుకోలేదు, ఘాట్ దిగేటప్పుడు త్వరగా కాగిపోతుంది. ఆయనకు కొత్త జత, కొత్త ప్యాడ్లు వేయించాం. పగులు కనిపించినా, కాలి నీలం మచ్చలు లోతుగా దిగినా కొలతతో పని లేదు, మార్చాల్సిందే. రెండు ముఖాల మధ్య గాలి సందులు లేని పలచని డిస్క్ ఉన్న చిన్న కార్లకు కూడా నా ఓటు కొత్తదానికే. కోయడానికి వాటిలో ఏం మిగిలి ఉంటుంది? ఎడమ పక్క మార్చి కుడి పక్క వదిలేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగొచ్చు.

లేత్ పని చేసేవాళ్ల చేతిలోనే ఉంది అసలు సంగతి. డిస్క్‌ను ఒక ముఖం కోసి, విప్పి, తిప్పి బిగించి రెండో ముఖం కోస్తే మందం తేడా మళ్లీ అక్కడే పుడుతుంది. రెండు ముఖాలూ ఒకే బిగింపులో కోస్తారా అని ముందే అడగండి. బండికి ఉండగానే హబ్ మీద కోసే మిషన్ దొరికితే అంతకన్నా మంచిది, ఎందుకంటే హబ్ వంకర కూడా లెక్కలోకి వస్తుంది. కొత్త డిస్కయినా సరే, తుప్పు గీకకుండా బిగిస్తే కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ అదే అదురు.

ఏది చేయించినా, ప్యాడ్లు డిస్క్‌కు కుదురుకోవడానికి తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి ఓ పదిసార్లు మోస్తరుగా బ్రేక్ వేయాలి. మధ్యలో చల్లబడనివ్వాలి, పూర్తిగా ఆపకూడదు. నేను నార్కట్‌పల్లి దారిలో అలా చేసి, ఇంటికి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేర్‌లో వదిలాను. వేడి డ్రమ్ మీద లైనింగ్ (డ్రమ్ లోపల రాసుకునే బ్రేక్ పొర) బిగిసి ఉంటే ఆ డ్రమ్ ఓవల్ కావచ్చు.