మీసా 7ఐ76ఈ: పల్స్‌లు పంపడం సరే, డ్రైవర్ చెప్పేది వింటుందా?

మిల్లింగ్ మెషీన్‌కి సీఎన్‌సీ కంట్రోల్ పెట్టాలనుకున్న వాళ్ళు పీసీకీ మోటార్ డ్రైవర్లకీ మధ్య ఉండే బోర్డు గురించి ముందుగా అడిగేది "ఎన్ని కిలోహెర్ట్జ్ ఇస్తుంది?" అని, అంటే మోటార్‌ని అడుగడుగుగా తిప్పే పల్స్‌లు సెకనుకి ఎన్ని వేలు అని. మీసా ఎలక్ట్రానిక్స్ వారి 7ఐ76ఈకి ఆ ప్రశ్నే అనవసరం. 5 మి.మీ. పిచ్ బాల్‌స్క్రూ (రౌండుకి 5 మి.మీ. జరిపే మర), రౌండుకి 1600 పల్స్‌లు, నిమిషానికి 6000 మి.మీ. వేగం అనుకుంటే సెకనుకి 20 రౌండ్లు, అంటే 32,000 పల్స్‌లు. ఎఫ్‌పీజీఏ (పల్స్‌లని పీసీ మీద ఆధారపడకుండా తానే తయారుచేసే చిప్) ఉన్న బోర్డుకి ఇది లెక్కలోకే రాదు. దీనికి డబ్బు పెట్టాల్సింది ఇన్‌పుట్‌లు చూసి. పాత పారలల్ పోర్టులో ఉండేవే ఐదు ఇన్‌పుట్‌లు. లిమిట్లు, ఎమర్జెన్సీ స్టాప్, ప్రోబ్ కలిపితే అవి అయిపోతాయి, డ్రైవర్ అలారం వైరుకి, అంటే మోటార్‌లో తేడా వచ్చిందని డ్రైవర్ చెప్పే వైరుకి, చోటుండదు. ఇందులో 24 వోల్టుల మీద నేరుగా పనిచేసే ఐసొలేటెడ్ (లాజిక్ నుంచి విద్యుత్‌పరంగా వేరుచేసిన) ఇన్‌పుట్‌లు 32, అవుట్‌పుట్‌లు 16 ఉన్నాయి. వీటికి తోడు ఐదు యాక్సిస్‌ల స్టెప్-డైరెక్షన్ (అడుగు, దిశ) సిగ్నళ్ళు, స్పిండిల్‌కి అనలాగ్ అవుట్‌పుట్.

కాబట్టి మూడు డ్రైవర్ల అలారంలను సిరీస్‌లో కలిపి ఒకే ఇన్‌పుట్‌కి తెచ్చే పిసినారితనం ఇక్కడ అక్కర్లేదు. యాక్సిస్‌కి ఒక టెర్మినల్ ఇస్తే ఏది ఆగిందో స్క్రీన్ మీదే తెలుస్తుంది.

చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఈ అలారం వైరింగ్‌లోనే. చవక బ్రేకవుట్ బోర్డుల (పారలల్ పోర్టు పిన్నులని టెర్మినల్స్‌కి తెచ్చే బోర్డులు) అలవాటుతో డ్రైవర్ ఏఎల్ఎం (అలారం) మైనస్‌ని గ్రౌండ్‌కి, ప్లస్‌ని ఇన్‌పుట్‌కి ఇస్తారు. ఈ బోర్డు ఇన్‌పుట్ ఆన్ అవ్వాలంటే దానికి పాజిటివ్ వోల్టేజ్ రావాలి. గ్రౌండ్‌కి లాగితే ఎప్పటికీ ఆఫే. క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ డ్రైవర్లలో (మోటార్ నిజంగా తిరిగిందో లేదో ఎన్‌కోడర్ అనే సెన్సర్‌తో చూసుకునేవి) అలారం అవుట్‌పుట్ సాధారణంగా రెండు కొసలూ విడిగా ఉన్న ఆప్టో ట్రాన్సిస్టర్, అంటే కాంతితో పనిచేసే స్విచ్. అందుకని ఏఎల్ఎం ప్లస్‌ని ఫీల్డ్ (స్విచ్‌లు, రిలేల వైపు) 24 వోల్టులకి, మైనస్‌ని బోర్డు ఇన్‌పుట్‌కి కలిపితే సరిపోతుంది. అదనపు రిలే ఏదీ వద్దు.

ఆ ట్రాన్సిస్టర్ మామూలుగా మూసి ఉండి ఫాల్ట్‌లో తెరుచుకుంటుందా, లేక తలకిందులా అన్నది మోడల్‌ని బట్టి, సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. కాగితం మీది మాట నమ్మకుండా కొలవడం మేలు. 24 వోల్టుల నుంచి 2.2 కిలోఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ ద్వారా ఏఎల్ఎం ప్లస్‌కి ఇచ్చి, మైనస్‌ని సున్నాకి కలిపి, రెండింటి మధ్య మీటర్ పెట్టండి. ఒక వోల్టు లోపు చూపిస్తే మూసి ఉన్నట్టు, 24 చూపిస్తే తెరిచి ఉన్నట్టు. తర్వాత పవర్ తీసి, ఎన్‌కోడర్ ప్లగ్ పీకి, మళ్ళీ పవర్ ఇచ్చి కొంచెం జాగ్ చేస్తే (చేత్తో బటన్ నొక్కి యాక్సిస్‌ని కదిపితే) అలారం వస్తుంది, అప్పుడు మళ్ళీ కొలవండి. పవర్ ఉండగా మాత్రం ప్లగ్ పీకకండి. కావలసింది మామూలుగా మూసి ఉండే రకం. వైరు తెగినా, డ్రైవర్‌కి కరెంటు పోయినా అది ఫాల్ట్‌గానే కనబడుతుంది. ఈ బోర్డుని పీసీ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీలో ప్రతి ఇన్‌పుట్‌కీ 'నాట్' పిన్ (ఇన్‌పుట్‌కి తలకిందులు) కూడా సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఆ జాయింట్ (యాక్సిస్ మోటార్) 'యాంప్-ఫాల్ట్-ఇన్'కి కలిపితే చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'మెషీన్ ఆన్' నొక్కాకే కాంటాక్టర్ (పవర్ కలిపే పెద్ద రిలే) పడి డ్రైవర్లకి పవర్ వెళ్ళేలా ప్యానెల్ కడితే, డ్రైవర్ లేచేలోపే సాఫ్ట్‌వేర్ ఫాల్ట్ చూసి మెషీన్‌ని ఆపేస్తుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. ఇది వైరింగ్ తప్పు కాదు. ఫాల్ట్ సిగ్నల్ దారిలో 'టైమ్‌డిలే' కాంపొనెంట్ పెట్టడం ఒక మార్గం. అయితే ఎంత ఆలస్యం పెడితే అంతసేపు నిజమైన ఫాల్ట్ కూడా వినబడదు. అందుకే డ్రైవర్ పవర్ ముందే వచ్చి, అలారం క్లియర్ అయ్యాకే మెషీన్ ఆన్ అయ్యేలా కట్టడమే శుభ్రమైన పద్ధతి.

ఎనేబుల్ వైరు ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. లీడ్‌షైన్ తరహా డ్రైవర్లలో ఈఎన్ఏ (ఎనేబుల్ టెర్మినల్) ఖాళీగా వదిలేస్తే మోటార్ ఎనేబుల్‌లోనే ఉంటుంది, ఆప్టోకి కరెంటు ఇస్తేనే డిసేబుల్. ఈ బోర్డు వాచ్‌డాగ్ (పీసీ నుంచి కబురు ఆగిందేమో చూసే టైమర్) కరిస్తే అవుట్‌పుట్‌లు ఆఫ్ అవుతాయి. అంటే పీసీ హ్యాంగ్ అయినప్పుడు పల్స్‌లు ఆగుతాయి గానీ మోటార్లు పట్టు వదలవు. ఎమర్జెన్సీ స్టాప్‌ని ఈఎన్ఏ మీద ఆధారపడి కట్టకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. స్టాప్ బటన్ కాంటాక్టర్‌ని నేరుగా తెంచాలి, సాఫ్ట్‌వేర్‌కి ఆ కబురు మాత్రం ఒక ఇన్‌పుట్ ద్వారా అందాలి. పవర్ పోగానే హెడ్ కిందికి జారే మెషీన్ అయితే జెడ్ మోటార్‌కి బ్రేక్ తప్పనిసరి. ఒక్కో అవుట్‌పుట్ 300 మిల్లీయాంపులు పాజిటివ్ వైపు నుంచి ఇస్తుంది కాబట్టి బ్రేక్ రిలే కాయిల్ రెండో కొస ఫీల్డ్ గ్రౌండ్‌కి వెళ్ళాలి. కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ మరవకండి.

స్టెప్ వైపు ఇబ్బంది తక్కువ. 5 వోల్టుల డిఫరెన్షియల్ జతలు కాబట్టి స్టెప్ ప్లస్ పల్స్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి. డ్రైవర్ మీద 5/24 వోల్టుల స్విచ్ ఉంటే 5 వైపు జరపాలి. 24 వైపు ఉంటే ఆప్టోకి చాలినంత కరెంటు రాక అక్కడక్కడా పల్స్‌లు మింగేస్తుంది. టైమింగ్ నాలుగింటికీ (పల్స్ పొడవు, విరామం, దిశ మారడానికి ముందూ తర్వాతా ఆగే సమయాలు) 5000 నానోసెకన్లతో మొదలుపెట్టండి. పల్స్ పొడవు, విరామం కలిపి 10 మైక్రోసెకన్లు అయినా 100 కిలోహెర్ట్జ్ మిగులుతుంది. దిశ మారిన ప్రతిసారీ ఒక స్టెప్ జారి, జాబ్ నడిచేకొద్దీ సైజు ఒకవైపుకే పోతుంటే స్క్రూని అనుమానించకముందు పల్స్ ఏ అంచు మీద లెక్కవుతోందో చూడండి. స్టెప్ పిన్‌ని ఇన్వర్ట్ చేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

బోర్డుకి వంక పెట్టదగిన సంగతులు లేకపోలేదు. స్టెప్ అవుట్‌పుట్‌లకి ఐసొలేషన్ లేదు, డ్రైవర్‌లోని ఆప్టోయే దిక్కు. లాజిక్‌కి 5 వోల్టులు, ఫీల్డ్‌కి 8 నుంచి 32 వోల్టులు విడిగా ఇవ్వాలి. ఫీల్డ్ పవర్ లేకుండా సాఫ్ట్‌వేర్ లేపితే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్‌లే కనబడవు. వచ్చే ఎర్రర్ పిన్ లేదంటుందే తప్ప పవర్ లేదని చెప్పదు, కొత్తవాళ్ళు కాన్ఫిగరేషన్ ఫైలు తవ్వుతూ కూర్చుంటారు. టెర్మినల్స్ చిన్నవి, ఫెర్రూల్ (వైరు కొసకి తొడిగే లోహపు గొట్టం) కొట్టని వైర్ల పోగులు పక్క పిన్నుని తాకడం ఖాయం. నెట్‌వర్క్ కేబుల్ పీసీ నుంచి నేరుగా, బోర్డు కోసమే కేటాయించిన పోర్టుకి వెళ్ళాలి. ఇంటి రూటర్ మధ్యలో పెడితే వాచ్‌డాగ్ తరచూ కరుస్తుంది.

లైనక్స్‌సీఎన్‌సీ నేర్చుకునే ఓపిక లేకపోతే ఈ బోర్డు జోలికి పోవద్దు. చెక్క, అక్రిలిక్ కోసే చిన్న రౌటర్‌కి ఇది ఎక్కువ. ఇనుము కోసే మిల్లుకి, అందులోనూ క్లోజ్డ్ లూప్ డ్రైవర్లు పెట్టినవాళ్ళకి మాత్రం అలారం వైరు కలపని బోర్డు కొంటే ఎన్‌కోడర్‌కి పెట్టిన డబ్బులో సగం వృథా. వై మోటార్ ఆగిపోయినా ఎక్స్ తన దారిన తాను కోసుకుంటూ పోతుంది.