చైల్డ్ సైకోథెరపీయా, క్లినికల్ సైకాలజీయా: ఇంగ్లండులో ఏ ట్రైనింగ్ మేలు?

సైకాలజీ చదివి పిల్లలతో పనిచేయాలనుకునే మనవాళ్లు లండన్‌లో నన్ను తరచూ అడుగుతుంటారు: "అక్కా, చైల్డ్ సైకోథెరపిస్టు అవ్వాలా, క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలా?" నాది మొదటి దారి. సైకో అనాలిసిస్ (మనకే తెలియకుండా మనసులో దాగిన భావాలను మాటల ద్వారా వెలికితీసే పద్ధతి) పునాదిగా సాగే ఆ ట్రైనింగులో ఇది నాకు మూడో ఏడు. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను.

జీతంలో తేడా లేదు. రెండింటిలోనూ ట్రైనీలకు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) జీతాల స్కేలులో బ్యాండ్ 6, పూర్తయ్యాక బ్యాండ్ 7.

క్లినికల్ సైకాలజీ మూడేళ్ల డాక్టరేట్. పెద్దవాళ్లు, వృద్ధులు, పిల్లలు, అందరి దగ్గరా పనిచేయాలి, థీసిస్ రాయాలి. సీటు కోసం అసిస్టెంటుగా ఏళ్ల తరబడి పనిచేస్తూ మళ్లీ మళ్లీ అప్లై చేసేవాళ్లను చూశాను. చైల్డ్ సైకోథెరపీలో క్లినికల్ ట్రైనింగే నాలుగేళ్లు. అంతకుముందు, పిల్లల్ని గమనించడం నేర్పే కోర్సు ఒకటి సొంత డబ్బుతో చేయాలి. పార్ట్ టైమ్ అయితే రెండేళ్లకు తక్కువ పట్టదు.

ఎవరికి ఏది సరిపోతుందో ఆ కోర్సులోనే తేలిపోతుంది. సైకో అనలిస్టు ఎస్తర్ బిక్ 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది. పుట్టిన బిడ్డ ఇంటికి వారానికోసారి వెళ్లి గంటసేపు చూడాలి, రెండేళ్లపాటు. అక్కడ ఏమీ రాసుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. ఇంటికొచ్చి గుర్తున్నదంతా రాసి సెమినార్‌లో చదవాలి. బిడ్డ ఏడుస్తుంటే మన ఇళ్లలో పెరిగినవాళ్లకు చేతులు ఆగవు. "ఆకలేమో చూడమ్మా" అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగేది. ఒకరోజు తల్లి వంటింట్లో ఉంది, నాలుగు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. గిన్నెల చప్పుడు వినబడగానే ఏడుపు ఆపి, అటు చెవి ఒగ్గి, గుప్పిట నోట్లో పెట్టుకుంది. నేను ఎత్తుకుని ఉంటే, తనంతట తాను ఊరడిల్లడం నా కంటపడేదే కాదు.

ఇక సొంత అనాలిసిస్, అంటే ట్రైనీ తన మనసును తానే ఒక సైకో అనలిస్టు ముందు విప్పుకోవడం. చైల్డ్ సైకోథెరపీ ట్రైనీ వారానికి కనీసం మూడుసార్లు అనాలిస్టు దగ్గరికి వెళ్లాలి, అదీ ఏళ్ల తరబడి. క్లినికల్ సైకాలజీలో చాలాచోట్ల ఇది తప్పనిసరి కాదు. డబ్బూ టైమూ రెండూ తినేస్తుంది, నిజమే. మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. అమ్మ మీద కోపం ఇంగ్లీషులో తేలిగ్గా చెప్పేదాన్ని, అదే మాట తెలుగులో మనసులో అనుకుంటే గొంతు పూడుకుపోయేది. కానీ ఐదేళ్లలోపు పిల్ల, బడి వయసు పిల్లవాడు, టీనేజర్, ఇలా ముగ్గురిని వారానికి మూడేసిసార్లు చూడాల్సిన ట్రైనింగ్ ఇది. పిల్లవాడు బొమ్మ విసిరి మొహాన ఉమ్మినప్పుడు, నాలో లేచిన కోపం వాడిదా, నా చిన్నప్పటిదా అన్నది తెలియాలి. ఆ తేడా నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

ఏ వైద్యం బాగా పనిచేస్తుంది? డిప్రెషన్ ఉన్న 465 మంది టీనేజర్లపై ఇంగ్లండులో జరిగిన ఇంపాక్ట్ అధ్యయనం 2017లో వెలువడింది. సైకో అనలిటిక్ థెరపీ, సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స), క్లుప్తమైన మానసిక సామాజిక చికిత్స, ఈ మూడింటిలో ఒకటి మరొకదానికంటే మెరుగని తేలలేదు. అందుకే మా పద్ధతే గొప్పదని నేను చెప్పను.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్‌లో క్లినికల్ సైకాలజిస్టులకు చోటుంది, మా పేరుతో విడిగా వర్గం లేదు. పరిశోధన మీద ఇష్టం ఉన్నా, పెద్దవాళ్లతోనూ పనిచేయాలనుకున్నా క్లినికల్ సైకాలజీయే మేలు. పిల్లలతోనే, నిదానంగా, లోతుగా పనిచేయాలనుకుంటే మాత్రం మా దారికే రండి. అయితే నాలుగేళ్లకు సిద్ధపడేముందు ఆ గమనించే కోర్సులో ఒక టర్మ్ ఓ పసిబిడ్డ ఇంటికి వెళ్లి చూడండి. ఆ గంటలో పదేపదే గడియారం వైపు చూస్తుంటే రెండో దారి పట్టండి. ఇంటికొచ్చి, అన్నం చల్లారిపోతున్నా రాస్తూ కూర్చుంటే అప్లికేషన్ పెట్టండి.